నాటు మందుల అంగడిపై అభియోగ పత్రం

తిరుపతి నగరంలో నాటు మందుల అంగళ్ళు ఇంకా కొన్ని మిగిలి ఉండటం, ఆరోగ్యస్పృహ ఇంతగా పెరిగిన ఈ రోజుల్లో, పౌరులందరూ గంభీరంగా ఆలోచించవలసిన విషయం. ఒకవైపు గాజు తలుపుల ఆర్గానిక్ దుకాణాల్లో తులసి, మునగాకు, శంఖుపుష్పం, తంగేడు పువ్వు జిప్పు సంచుల్లో నిటారుగా నిలబడి, ఏసీ గాలికి సేదతీరుతూ, కొనేవారి హోదాకు తగిన ధరతో మెరిసిపోతుంటే, మరోవైపు గోవిందరాజస్వామి గుడి దాపుల సందుల్లో గోనెసంచుల మధ్య కూర్చున్న ఒక పెద్దాయన కరక్కాయనూ శొంఠినీ చేత్తోనే తీసి, తక్కెడలో వేసి, పాత దినపత్రిక చింపి పొట్లం కట్టి, ఇరవై రూపాయలు అడుగుతున్నాడు. ఇరవై రూపాయలకు నయమైపోయే రోగాన్ని నలుగురిలో ఏ ముఖం పెట్టుకుని చెప్పుకోవాలో ఆయనకు పట్టదు. నగర ప్రతిష్ఠకు సంబంధించిన సంగతి కాబట్టి, ఆ అంగడి మీద నాకున్న అభియోగాలను ఇక్కడ నమోదు చేస్తున్నాను.

అన్నిటిలోకీ తీవ్రమైన అభియోగం, ఆయన ప్రశ్నలు అడుగుతాడు. డబ్బిచ్చి సరుకు కొనడానికి వచ్చిన మనిషిని ఆరా తీసే అధికారం ఏ వ్యాపారికీ లేదన్నది ఈ కాలపు ప్రాథమిక సూత్రం. ఫోనులో అశ్వగంధ తెప్పించుకునేటప్పుడు మనల్ని అడిగేది పిన్‌కోడ్ ఒక్కటే. 517501 అని కొడితే చాలు, థైరాయిడ్ ఉందా, కడుపుతో ఉన్నామా, రాత్రి నిద్రమాత్ర వేసుకుంటున్నామా అన్న అమర్యాదకరమైన కూపీలేవీ లేకుండా సంచి గుమ్మంలోకి వచ్చి పడుతుంది. ఈ అంగట్లో ఆ సౌకర్యం లేదు. నేను చూస్తుండగానే, దగ్గరి అపార్ట్‌మెంట్ నుంచి వచ్చిన ఒక ఇల్లాలు వంద గ్రాముల అతిమధురం అడిగింది.

"ఎవురికి మ్మా?" అన్నాడు పెద్దాయన, సంచి మూతి విప్పకుండానే.

"మా ఇంటాయనకి. గొంతు గరగరలాడతా ఉండాది. టీలో వేసుకుంటే మంచిదంట గదా."

"ఆయనకి బీపీ ఉండాదా?"

"ఉండాది. దినామూ మాత్ర వేసుకుంటాడు."

"అట్లయితే ఇది వద్దు మ్మా. శొంఠి, మిరియాలు ఇస్తా, రెండు దినాలు కాచి తాగమను. తగ్గకపోతే డాక్టరుకు చూపించండి."

అతిమధురంలోని గ్లైసిరైజిన్ అనే పదార్థం ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలవబెట్టి, పొటాషియాన్ని తగ్గించి, రక్తపోటును పెంచుతుందన్నది వైద్యశాస్త్రం ఒప్పుకున్న మాటే. అయినంత మాత్రాన ఆ సంగతి గోనెసంచి పక్కన కూర్చున్న మనిషికి తెలియడం ఏం మర్యాద? ప్యాకెట్ మీద చీమ తలకాయంత అక్షరాల్లో అది ఎక్కడో ఉంటే సరిపోతుంది, లేకపోయినా అమ్మకానికి వచ్చిన లోటు లేదు. వంద గ్రాముల బేరాన్ని చేజేతులా చెడగొట్టి గుప్పెడు శొంఠితో సరిపెట్టే ఇలాంటి వాళ్ళ వల్లే దేశ ఆర్థికాభివృద్ధి కుంటుపడుతోందని నా అనుమానం. ఇదే జాడ్యం ఊళ్ళో దేవస్థానం వారి ఆయుర్వేద కళాశాల ఆసుపత్రిలోనూ ఉంది: అక్కడి వైద్యులు సైతం నాడి చూసి, నాలుక చూసి, ఆకలి నిద్రల సంగతి కనుక్కుని గానీ చీటీ రాయరు. ఇంత తీరిక ఎవరికుంది?

ఆర్గానిక్ విషయంలో ఆయన అజ్ఞానం మరీ దారుణం. ఆ ఇల్లాలు వెళ్ళబోతూ పక్క సంచిలోని కరక్కాయలను చూపించి, "ఇవి ఆర్గానిక్కేనా?" అని న్యాయంగా అడిగితే, "కొండకు మందెవురు కొడతారు మ్మా?" అని ఎదురు ప్రశ్న వేశాడు. 2017లో వచ్చిన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం ఆర్గానిక్ అని చెప్పుకుని అమ్మాలంటే జాతీయ సేంద్రియ ఉత్పత్తి పథకం కిందనో, రైతు బృందాలు పరస్పరం తనిఖీ చేసుకునే పీజీఎస్ విధానం కిందనో ధ్రువీకరణ ఉండాలి; పొట్లం మీద జైవిక్ భారత్ ముద్ర ఉండాలి. జాతీయ పథకం లెక్కలో ఏడాది పంటలకు విత్తడానికి ముందు రెండేళ్ళు, తోటలకు మొదటి కోతకు ముందు మూడేళ్ళు ఆ నేల రసాయనాల ముఖం చూడకూడదు. అడవిలో ఏరిన సరుకుకు సైతం ఎక్కడ ఏరారో, ఎంత ఏరారో రాసిపెట్టే పద్ధతి ఉంది. శేషాచలం మీది కరక చెట్టు ఇంతవరకూ ఒక్క దరఖాస్తు కూడా పెట్టుకోలేదు. ప్యాకెట్లలో కొన్నిటికి కూడా ఆ ముద్ర లేని మాట వాస్తవమే గానీ, వాటి మీద ఆకుపచ్చ రంగు దండిగా ఉంటుంది, వెనకాల మంచు కమ్మిన కొండ బొమ్మ ఉంటుంది. చదువుకున్నవాళ్ళకు ఆ మాత్రం రుజువు చాలు. కూరగాయల మార్కెట్ ముందు సొంత పెరటి మునగాకు కట్టలు కట్టి అమ్ముకునే అవ్వకు మాత్రం ఈ బాధ లేదు. ఏడాదికి 12 లక్షల రూపాయలు మించని అమ్మకంతో, తాను పండించింది తానే కొనేవాళ్ళ చేతికిచ్చే చిన్న ఉత్పత్తిదారులకు ఈ ధ్రువీకరణ నుంచి మినహాయింపు ఉంది, అవ్వ ఆ హద్దు దాటే ప్రమాదం ఇప్పట్లో కనిపించడం లేదు. అయితే ఆ ఆకును మనం కొనం. అదే ఆకు ఎండి, పొడై, సూపర్ ఫుడ్ అనే బిరుదు పుచ్చుకుని వచ్చాక కొంటాం.

దేశం నలుమూలల నుంచీ జనం తిరుపతికి వచ్చి తలనీలాలిచ్చి పునీతులై తిరిగి వెళ్ళినట్టే, మన చంద్రగిరి దారి పక్కన పూసిన తంగేడు బెంగళూరు దాకా ప్రయాణం చేసి, అక్కడ తనవన్నీ సమర్పించుకుని, ఆవారం ఫ్లవర్ ఇన్‌ఫ్యూజన్ అనే కొత్త పేరుతో మన ఇంటికే తిరిగి వస్తుంది. రెమ్మలను వరి మళ్ళలో పచ్చిరొట్టగా తొక్కి, పట్టను తోళ్ళు పదును చేయడానికి పంపిన మన పెద్దలు ఆ చెట్టుకు చేసిన అపచారానికి ఇప్పుడు ప్రాయశ్చిత్తం జరుగుతోంది. తులసి సంగతి మరీ ముఖ్యం. ఇంటి ముందు కోటలో ఉన్న తులసిని ఆదివారం కోయకూడదు, శుక్రవారం కోయకూడదు, ద్వాదశి నాడు కోయకూడదు, పొద్దుగూకాక అసలే ముట్టకూడదు. ప్యాకెట్ తులసికి వారమూ వర్జ్యమూ లేవు. కాబట్టి కోట చుట్టూ ప్రదక్షిణం చేసి, లోపలికి వచ్చి, ప్యాకెట్ చింపి టీ కాచుకోవడమే భక్తికీ సౌకర్యానికీ కుదిరిన రాజీ.

కాచడం అన్నాను గానీ అదీ అక్కర్లేదు. పాత వైద్య గ్రంథాలలో కషాయానికి ఒక వంతు నలగ్గొట్టిన మూలికకు పదహారు వంతుల నీళ్ళు పోసి, మట్టిపాత్రలో సన్నని సెగ మీద ఎనిమిదో వంతు మిగిలేదాకా మరిగించమన్నారు. గ్యాసు బండ ధర తెలియని కాలపు రాతలవి. ఇప్పుడు తెల్లమద్ది చెక్క పొడి నింపిన చిన్న సంచిని దారం పట్టుకుని వేడి నీళ్ళలో రెండు నిమిషాలు ముంచి తీస్తే, గుండెకు మేలు జరిగిపోతుంది. పెద్దాయన వాదన వేరు: చెక్కా వేరూ గట్టివి కాబట్టి మరగాలట, తులసీ నిమ్మగడ్డీ వాసన గలవి కాబట్టి దించిన నీళ్ళలో వేసి మూత పెట్టాలట, మూత తీసి మరిగిస్తే మందు వంటింటి కప్పుకు పోతుందట. రెంటికీ ఒకే సంచి, ఒకే దారం, ఒకే రెండు నిమిషాలు అన్న సమానత్వ భావన ఆయనకు ఎంత చెప్పినా ఎక్కదు.

ఇక విడి సరుకు అమ్మడంలో ఉన్న అసలు దోషం, అది కంటికి కనిపించడం. కరక్కాయను పగలగొట్టి చూడవచ్చు, పుచ్చిందో లేదో తెలిసిపోతుంది. ఎండిన ఆకును వేళ్ళ మధ్య నలిపి ముక్కు దగ్గర పెట్టుకోవచ్చు, వాసన రాకపోతే పాతదని ఇట్టే పట్టుబడుతుంది. బూజు పట్టిన పిప్పలి దాక్కోలేదు. పొడి చేశాక ఈ తంటాలుండవు. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ తీసుకున్న ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్న సంగతి ప్రచురిస్తే, వాళ్ళు వాడింది అసలు తిప్పతీగేనా, దాని దాయాది జాతి ఇంకొకటా అన్నది తేల్చలేదని ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆక్షేపించింది. నిండా బుడిపెలతో ఉండే ఆ దాయాది కాడను తీగ రూపంలో చూసినప్పుడు గుర్తుపట్టే వీలుంది. అందుకే కాబోలు, మా పెద్దాయన తిప్పతీగను ముక్కలుగానే అమ్ముతాడు, పొడి అడిగితే "మీ ఎదురుగా దంచిస్తా, కూచోండి" అంటాడు. పొడిలో ఏ కాడ ఉందో, ఎవరి కాడ ఉందో అడిగే కుసంస్కారం మాత్రం సభ్య సమాజంలో ఇంకా ప్రబలలేదు. ప్రకృతి ఇచ్చింది హాని చేయదన్న మన దృఢవిశ్వాసాన్ని గన్నేరు కాయ, ఉమ్మెత్త గింజ, ముష్టి విత్తనం ఏనాటి నుంచో అవమానిస్తూనే ఉన్నాయి. ఇప్పుడు కాలేయం కూడా వాటి పక్షం చేరింది.

మోతాదు గురించి ఒక మాట. 2020లో తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి, ఎండుద్రాక్ష వేసి కాచిన కషాయాన్ని రోజుకు ఒకటి రెండు సార్లు తాగమని ఆయుష్ శాఖ సలహా ఇచ్చినప్పుడు, మనవాళ్ళు దేశభక్తితో ఐదారు సార్లు తాగి, కడుపులో మంట ఎత్తితే అది వైరస్ చస్తున్న గుర్తని సంతోషించారు. ఆ ఉత్సాహమే ఇప్పుడు డిటాక్స్ టీలుగా, నడుము తగ్గించే టీలుగా కొనసాగుతోంది. వాటిలో కొన్నిటి జాబితాను ఓపికగా చదివితే చివర్లో సునాముఖి కనిపిస్తుంది, తిరునెల్వేలి వైపు విరివిగా పండే ఆకు, మన అవ్వలు ఎప్పుడో ఒకసారి విరేచనానికి కాచి పోసి, ఆ పూట పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే ఉంచుకున్న ఆకు. ఇప్పుడు దాన్ని ఆఫీసుకు బయలుదేరే ముందు తాగుతున్నారు. మర్నాడు తూకంలో అర కిలో తగ్గిన మాట నిజమే, తగ్గింది నీళ్ళే అన్నదీ నిజమే. రోజూ తాగితే ఆ ఆకు లేనిదే పేగు కదలనని మొరాయించే స్థితి వస్తుంది గనుక, కొనుగోలుదారుల విధేయతకు ఇంతకంటే నమ్మకమైన పథకం వ్యాపార లోకంలో మరొకటి లేదు.

చట్టాన్ని కూడా మన తయారీదారులు ఎంత గౌరవిస్తారో చెప్పకపోతే అన్యాయం. 1954 నాటి మందులు, మాయా చికిత్సల ప్రకటనల చట్టం 54 రోగాల పట్టిక ఇచ్చి, వాటిని నయం చేస్తామని ప్రకటించరాదంది. అందులో మధుమేహమూ ఉంది. అందుకే ప్యాకెట్ మీద మధుమేహం అన్న మాట ఉండదు. 'తీపి జీవితానికి సమతుల్యం' అని ఉంటుంది, కింద మందహాసం చేస్తున్న ఒక తాతగారు ఉంటారు, మిగతాది ఇరుగింటి వాళ్ళు చెబుతారు. చక్కెర వ్యాధి మాత్రలు మింగుతూ వాటి మీద ఈ చేదు కషాయమూ తాగి, కళ్ళు తిరిగి పడ్డాక ఆసుపత్రిలో డాక్టరు "ఇంకేమైనా వాడుతున్నారా" అని అడిగితే, "ఏమీ లేదండీ, ఉత్త టీనే" అంటారు. నిజమే మరి, అబద్ధమాడారని ఎవరూ అనలేరు.

అంగడి మీద ఒక్క విషయంలో నా అభియోగం చెల్లదని ఒప్పుకుంటాను. ఎండలు ముదిరితే తిరుపతిలో సోడా కలిపి ఇచ్చే నన్నారి షర్బత్‌కు కావలసిన మారేడు గడ్డలు (బిల్వం కాదు, సువాసన వేరున్న ఒక తీగవి) ఆ పెద్దాయన దగ్గర ఈ మధ్య సరిగ్గా దొరకడం లేదు. శేషాచలం బండల సందుల్లో పెరిగే ఆ తీగను గడ్డ కోసం వేరుతో సహా పెకలిస్తారు; పెకలించాక మిగిలేది గుంత ఒక్కటే. అంతర్జాతీయ జాబితాల్లో అది ఇప్పటికే అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న మొక్క. 2010లో ఆ కొండలను జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఎర్రచందనం దుంగలకు కాపలాగా తుపాకులతో టాస్క్‌ఫోర్స్ ఉంది. మారేడు గడ్డ మోసుకుపోయేవాడిని ఆపడానికి ఎవరూ లేరు, వాడికి దక్కేది కూలి డబ్బులే. రసాయనం ఎరుగని నేల, మందు తగలని వేరు: ఆర్గానిక్ అనడానికి ఇంతకంటే యోగ్యమైన సరుకు భూమ్మీద ఉండదు కాబట్టి, ముందు అదే అయిపోతుంది. అప్పుడు దాని సువాసనను సీసాలో దించి ఇవ్వడానికి కంపెనీలు సిద్ధంగానే ఉంటాయి, మనం కంగారు పడనవసరం లేదు.

ఇవన్నీ పరిశీలించిన మీదట అధికారులకు నేను చేసుకునే విన్నపం స్వల్పమైనది. పెద్దాయన నోరు మూయించడం ఎలాగూ సాధ్యం కాదు గనుక, ఆయన అడిగే ప్రశ్నలనే, అంటే ఎవరికి, వయసెంత, బీపీ ఉందా, చక్కెర ఉందా, కడుపుతో ఉందా, ఇంకే మాత్రలు మింగుతున్నారు అన్నవాటిని, ప్రతి ఆర్గానిక్ ప్యాకెట్ వెనక పెద్ద అక్షరాల్లో తెలుగులో అచ్చు వేయించాలి. అలా వేస్తే మంచు కమ్మిన కొండ బొమ్మకు చోటు చాలదని తయారీదారులు అభ్యంతరం చెప్పవచ్చు. కొండ బొమ్మ తీసేయడానికి మాత్రం తిరుపతి వాళ్ళం ససేమిరా ఒప్పుకోం.