దెబ్బలు తిన్నందుకు డిస్మిస్

అమెరికాలో జార్జియా రాష్ట్రం రింకన్ ఊళ్లో, ఇంటి సామాన్లు అమ్మే లోస్ కంపెనీ స్టోర్లో 2023లో ఒక మహిళా ఉద్యోగి పని ఊడింది. వయసు 68. సర్వీసు 13 ఏళ్లు. 2 వేల డాలర్లకు పైగా సరుకును బిల్లు కట్టకుండా తోసుకుపోతున్న ముగ్గురికి అడ్డుపడి, ట్రాలీ పట్టుకుంది. ముఖం మీద మూడు గుద్దులు, వాచి నల్లబడిన కన్ను, ఆపైన దొంగలకు అడ్డుపడకూడదన్న కంపెనీ రూలు తప్పిందని డిస్మిస్. విషయం పేపర్లకెక్కి నానా గోల అయ్యాక జులైలో కంపెనీ దిగొచ్చి ఉద్యోగం తిరిగి ఇస్తామంది.

సంతోషమే. కానీ మాకు ఈ దిగిరావడం మీదే అనుమానం. రూలు సరైనదైతే వెనక్కి తగ్గడం దేనికి? తప్పుదైతే మిగతావాళ్ల సంగతేంటి? ఆ ఏడాదే మే నెలలో అదే రాష్ట్రంలో, అట్లాంటా పక్కనే పీచ్‌ట్రీ కార్నర్స్ లులులెమన్ షాపులో ఇద్దరిని తీసేశారు. బట్టలు ఎత్తుకుపోతున్న దొంగలను బయటికి పొమ్మని అరిచారు, వెనకే వెళ్లి వీడియో తీశారు, 911కి ఫోన్ చేశారు. దొంగలు దొరికారు కూడా. పోలీసులను పిలిచినందుకు కాదు, వెంటపడినందుకే తీసేశామని అప్పటి సీఈఓ కాల్విన్ మెక్‌డొనాల్డ్ టీవీలో సమర్థించుకున్నారు.

దొంగ దగ్గర తుపాకీ ఉండొచ్చు, నిజమే. ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్ హోమ్ డిపోలో దొంగతనాన్ని ఆపబోయిన ఉద్యోగి కాల్పుల్లో చనిపోయాడు. సరుకు పోతే పోనీ, అడ్డుపడకండి అని చెప్పడం తప్పు కాదు.

మరి ప్రాణం మీద అంత బెంగ ఉన్నవాళ్లు తలుపు దగ్గర గార్డులను పెంచాలి గానీ, దెబ్బ తిన్నవాళ్ల జీతం కోస్తారా? నేరం చేసినవాళ్లను మామూలు జనమే పట్టుకోవచ్చనే పౌరుల అరెస్టు చట్టాన్ని 2021లో రద్దు చేసిన జార్జియా కూడా, దొంగతనం చేశారని అనుమానం వచ్చినవాళ్లను ఆపే వీలు షాపులకు ఉంచింది. చట్టం కాదనని పనికి కంపెనీ శిక్ష వేస్తోంది. అదీ ఎలా? గోల జరిగితే మాఫీ, జరగకపోతే అంతే. దీన్ని భద్రత అనరు, పరువు కాపాడుకోవడం అంటారు.

అమెరికాలో గ్యాస్ స్టేషన్ కౌంటర్ల వెనక రాత్రి డ్యూటీలు చేసేవాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. ఎవడో సరుకు పట్టుకుని తలుపు వైపు నడిస్తే, ఆ అర నిమిషంలో వాళ్లు రూల్స్ పుస్తకం తిరగేయాలా? ‘ఏయ్’ అని అరిచినా ఉద్యోగం పోతుందేమోనని నోరు మూసుకోవాలా?

కంపెనీల పెద్దలకు మేం చెప్పేది ఒకటే. పీచ్‌ట్రీ కార్నర్స్‌లో తీసేసిన ఆ ఇద్దరినీ ముందు పనిలోకి పిలవండి. ప్రాణాల విలువ గురించి శ్రీరంగనీతులు తర్వాత చెబుదురు గాని.