కుడి చీలమండ గారి సముఖానికి

మహారాజశ్రీ కుడి చీలమండ గారికి, హనుమకొండ నుంచి తమరి యజమానినని ఇన్నాళ్ళూ భ్రమపడినవాడు రాసుకునే లేఖ.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టే యోగం లేదు. తమరు రెండు దిండ్ల మీద గుమ్మడికాయలా కూర్చున్నారు. తమరి వెనకాల పడుకుని నేను పైకప్పు చూస్తున్నాను.

అసలు సంగతికి వస్తాను. పద్మాక్షి గుట్ట ఎక్కాను, దిగాను. అన్ని మెట్ల మీదా తమరు కిక్కురుమనలేదు. తీరా కిందికొచ్చాక, కొబ్బరికాయల బండి పక్కన, రెండంగుళాల ఎత్తు కూడా లేని కాలిబాట అంచు మీద, నేను ఫోనులో "దిగేశాను, వస్తున్నా" అంటుండగా తమరు లోపలికి మడతపడ్డారు. టప్పుమన్న చప్పుడు నా ఒక్కడికే వినిపించింది. కొబ్బరికాయలామె బేరం మధ్యలో ఆపి తన ప్లాస్టిక్ స్టూలు నా వైపు జరిపింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమన్న పెద్దమనిషికి ఒక్కసారీ కాలు బెణికి ఉండదు. నోరు జారినప్పుడల్లా నేను క్షమాపణ చెప్పి అదే పూట తేరుకున్నాను. ఇది మూడో వారం. మడమ తిప్పనివాణ్ణని బంధువుల పెళ్ళిళ్ళలో చెప్పుకునేవాణ్ణి. తమరు తిప్పి చూపించారు.

డాక్టరు దగ్గర తమరి జాతకం బయటపడింది. పాదానికి 26 ఎముకలట. రెండు పాదాలకూ కలిపి 52. ఒంట్లో మొత్తం 206 అయితే నాలుగో వంతు ఆస్తి నేలకు ఆనుకునే ఉందన్నమాట. పిక్కలోని రెండు ఎముకలు కిందికి దిగి, వడ్రంగి చెక్కలో బెజ్జం తొలిచినట్టు ఒక గూడు కడతాయి. ఆ గూటిలో టేలస్ అనే ఎముక కూర్చుంటుంది. ఒంటి బరువంతా దాని మీదుగానే పాదానికి దిగాలి. అయినా దానికి ఒక్క కండరం కూడా అతుక్కుని ఉండదట! ఏ పనీ తాను చేయకుండా ప్రతి ఫైలునూ తన బల్ల మీదుగానే పోనిచ్చే పై అధికారులను ముప్పై ఏళ్ళు చూసినవాణ్ణి, నాకు చప్పున అర్థమైంది. కాకపోతే టేలస్ నిజంగానే బరువు మోస్తుంది. అక్కడ పోలిక చెడింది.

ఆ టేలస్ ముందు వెడల్పు, వెనుక ఇరుకు. పాదం పైకి లేచి ఉంటే వెడల్పు భాగం గూటిలో బిగుసుకుంటుంది. వేళ్ళు కిందికి వంగితే, అంటే మెట్టో గట్టో దిగేటప్పుడు, ఇరుకు భాగం గూటిలోకొచ్చి వదులవుతుంది. దిగేవాడికే గండం. పైగా బయటి గుబ్బ లోపలి గుబ్బ కన్నా కిందికి దిగి ఉండడంతో పాదం లోపలికి తిరిగినంత సులువుగా బయటికి తిరగదు. లోపలి వైపు లిగమెంటు, అంటే ఎముకను ఎముకతో కట్టే పట్టీ, గట్టి పలుపుతాడు. బయటి వైపు మూడూ సన్నవి, వాటిలోనూ అందరికన్నా ముందు తెగేది ముందు వైపుది. నాకు తెగింది అదే, సగం. సగమేనని డాక్టరు అభినందించారు కూడా.

ఆయన గుబ్బల వెనుక అంచులు నొక్కారు, చిటికెన వేలి వైపు పాదం మధ్యలో ఉన్న ఎముక మొదలు నొక్కారు, నాలుగు అడుగులు వేయించారు. నొక్కినచోట ఎముక నొప్పి లేదు, అడుగులు పడ్డాయి గనుక ఎక్స్‌రే అక్కర్లేదన్నారు. కెనడాలోని ఒట్టావా వైద్యులు 1992లో ప్రచురించిన లెక్క అది. పరామర్శకు వచ్చినవాళ్ళకు ఈ లెక్క రుచించలేదు. ఎక్స్‌రే తీయనివాడు డాక్టరా అన్నారు. మొదటి మూడు రోజులూ వేడి, మర్దన వద్దని చెప్పి పంపితే, మా పెద్దమ్మ ఉడికించిన చింతపండు, ఉప్పు పట్టుతో గడప దాటి వచ్చింది. పక్కింటాయన ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తన్నించుకోమన్నాడు. అది నడుము పట్టుకు కదా అంటే, "నడుముకు పనిచేసింది కాలికి పనిచేయదా?" అన్నాడు. బెణికిన కాలిని తన్నించుకునే వైద్యం గురించి తమరే ఆలోచించండి.

పాదం కింది వంపును మన కోటలోని కళాతోరణంతో పోల్చి మా అమ్మాయి దగ్గర గొప్పకు పోయాను. ఫిజియోథెరపీ చదువుతోంది, ఊరుకుంటుందా! తోరణం నిలువు స్తంభాల మీద అడ్డదూలం పెట్టి నిలిపింది నాన్నా, పాదంలో ఎముకలు ఒకదానినొకటి నెట్టుకుంటూ వంగి నిలుస్తాయి, అరికాలి పట్టీ వింటినారిలా రెండు కొసలనూ లాగి పట్టుకుంటుంది అంది. కాకతీయుల పేరు చెప్పి నెగ్గలేకపోవడం ఓరుగల్లులో నాకు ఇదే మొదలు.

ఇప్పుడు ఆమె ఆజ్ఞ ప్రకారం రోజూ పళ్ళు తోముకుంటూ తమరి ఒక్కరి మీదే నిలబడుతున్నాను. లిగమెంటు తెగినప్పుడు, పాదం ఏ వాలులో ఉందో మెదడుకు చెప్పే నరాల కొసలు కూడా దెబ్బతింటాయట. ఆ కబురు మళ్ళీ అందాలంటే ఇదే సాధన. కళ్ళు తెరిచి ముప్పై లెక్కపెట్టగలుగుతున్నాను. కళ్ళు మూసుకుంటే మూడు దాటడం లేదు, తమరు గజగజలాడతారు, వేళ్ళు నేలను పట్టుకుని వేలాడతాయి. నోటినిండా నురగతో వంటింటి గుమ్మం పట్టుకున్న నన్ను చూసి మా ఆవిడ నిన్న "కొంగ జపం అయిందా?" అని అడిగింది.

నాలుగు వరకు వచ్చాక మళ్ళీ రాస్తాను.

ఇట్లు,
తమరి మీద నిలబడ్డ 84 కిలోలు