పల్లె పాస్టరుకు ప్రసంగం నేర్పితే సరిపోతుందా?

పాస్టర్ల సదస్సు అంటే మన దగ్గర ఒక పద్ధతి స్థిరపడిపోయింది. టౌన్‌లో ఫంక్షన్ హాలు, మూడు రోజులు, బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు, పక్కన తర్జుమా చేసే ఆయన, మధ్యాహ్నం బిర్యానీ, పోయేటప్పుడు చేతికి ఒక బ్యాగు, సర్టిఫికెట్. అక్కడ మంచి మాటలు చెప్పరని కాదు, కానీ వారమంతా ఆటో తోలుకుని ఆదివారం పాతిక కుటుంబాల సంఘాన్ని నడిపే మనిషికి సోమవారం ఎదురయ్యే పని గురించి ఒక్క క్లాసూ ఉండదు.

పెళ్లి సంగతే చూడండి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. పెద్ద చర్చి సంస్థలకు చెందని స్వతంత్ర సంఘాల పాస్టరు పెళ్లి చేయాలంటే ప్రభుత్వ లైసెన్సు ఉండాలి, రిజిస్టరులో సాక్షుల సంతకాలతో నమోదు చేయాలి, లైసెన్సు లేకుండా చేస్తే శిక్ష కూడా ఉంది. ఇవేవీ తెలియక లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన కాగితం పట్టుకుని ఆ పెళ్లికూతురు తర్వాత వీసాకో, భరణం కేసుకో తిరుగుతుంటే పాస్టరు గారు మాత్రం ఏం చేస్తారు? మందిరం స్థలం పాస్టరు సొంత పేరున ఉంటే ఆయన పోయాక కొడుకులకూ సంఘానికీ గొడవ. మూర్ఛ వచ్చే పిల్లాడిని ప్రార్థనకు తెస్తే, ప్రార్థన చేసి ‘మందులు మాత్రం ఆపొద్దమ్మా’ అని చెప్పడం కూడా నేర్పాల్సిన విషయమే.

మరి వేదాంత కళాశాలలు లేవా అంటే, ఉన్నాయి. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాద్‌కు మారిన ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ లాంటివి గట్టి చదువే చెబుతాయి. అయితే ఇల్లు గడవడానికి రోజూ పనికి పోవాల్సినవాడు అన్నేళ్లు హాస్టల్లో ఎలా ఉంటాడు? డిగ్రీ వచ్చినవాళ్లు టౌన్ చర్చి వైపు చూడటంలో కూడా పెద్ద ఆశ్చర్యం లేదు.

1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య తమిళుడే అయినా మన పల్లెను బాగా పట్టుకున్నాడు. అప్పట్లో ఊరి సంఘాన్ని నడిపేది బడి పంతులే కాబట్టి అతనికి శిక్షణ ఇచ్చాడు, పంతుళ్ల భార్యలకు కూడా చదువు చెప్పించాడు. ఇప్పుడు ఊళ్లో ఆడవాళ్ల కష్టాలు ముందుగా వినేది పాస్టరమ్మే. సదస్సులో ఆమెకు దక్కేది వంటశాల డ్యూటీ, మహా అయితే ఒక పాట.

నన్నడిగితే, ఫంక్షన్ హాలు అద్దె డబ్బుతో మండలానికో చోట నెలకో శనివారం సాయంత్రం ఈ పాస్టర్లను కూర్చోబెట్టవచ్చు, నాట్లప్పుడూ కోతలప్పుడూ సెలవు. ఒకసారి లాయరు, ఒకసారి ప్రభుత్వ డాక్టరు, ఒకసారి కానుకల లెక్క రాయడం తెలిసిన మనిషి వచ్చి చెబితే చాలు. భార్యాభర్తలిద్దరికీ బస్సు చార్జీలు ఇవ్వాలి.