అంకుల్, కొంచెం జరగండి అట!

పొద్దున హైదరాబాద్‌లో మూసీ మీదున్న పాత వంతెన పురానాపూల్ మీద వంకాయలు ఏరుకుంటున్నా. వెనక నుంచి ఒక కుర్రాడు "అంకుల్, కొంచెం జరగండి, ఫ్రేమ్‌లోకి వస్తున్నారు" అన్నాడు. జరిగాను. ఎందుకు జరిగానా అని ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. వాడు పుట్టకముందు నుంచీ నేను అక్కడే కూరగాయలు కొంటున్నా!

ఇక రీల్ కోసం ఫోన్‌లోకి చూస్తూ వంతెన కథ మొదలెట్టాడు. వరదలో గుర్రమేసుకుని మూసీ దాటిన యువరాజు, అవతల చిచ్లం ఊళ్లో అతని ప్రేయసి భాగమతి, కొడుకు ఏమైపోతాడోనని నాన్న కట్టించిన వంతెన, అసలు పేరు ప్యారానా పూల్, జనం నోట్లో నలిగి పురానా అయిందట.

బాబూ, వంతెన కట్టింది 1578లో. నీ యువరాజు మహమ్మద్ కులీ కుతుబ్ షా పుట్టింది 1565 ప్రాంతంలో. అంటే 12, 13 ఏళ్లు. మా ఇంట్లో ఆ వయసువాడు ఒకడున్నాడు, మూసీ సంగతి దేవుడెరుగు, రోడ్డు దాటి పెరుగు ప్యాకెట్ తెమ్మంటే చెప్పులు దొరకలేదంటాడు. భాగమతి అసలు ఉందా లేదా అని చరిత్రకారులే ఇంకా కొట్టుకుంటున్నారు. సరే, కథ కథే, మా నానమ్మ చెబితే నేనూ నోరు తెరుచుకుని విన్నా. నా మంట అది కాదు. 22 కమాన్లు లేపిన గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా పేరు ఒక్కసారైనా ఎత్తాలా వద్దా? ఉత్త "నాన్న" అట! తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న మనిషాయన. గోల్కొండ కోట, వ్యాపారుల పేట కార్వాన్‌ల సరుకు నది దాటడానికి పనికొచ్చిందంటే లైకులు రావు కదా, ఎడ్లబండ్లకి పాట ఎవడు పెడతాడు?

వజ్రాల బేరానికి ఫ్రాన్స్ నుంచి వచ్చిన టావెర్నియర్ ఇది ప్యారిస్‌లోని పోన్ నఫ్ వంతెనకు పెద్దగా తీసిపోదని రాశాడు. ఆ వంతెన మీదే ఇవాళ నా చెప్పుకి కుళ్లిన టమాటా అంటుకుంది.

కుళ్లిన టమాటా అంటే మా సోషల్ సార్ గుర్తొచ్చారు. చార్మినార్ కన్నా పురానాపూల్ పాతది అని రాస్తే రెండు మార్కులు కోసి, "ఊరే లేకుండా వంతెన ఎవడు కడతాడ్రా" అని క్లాసంతా నవ్వించారు. సార్, చార్మినార్ 1591. ముందు వంతెన, తర్వాతే ఆ ఒడ్డున ఊరు. నా రెండు మార్కులు ఇప్పుడెవరిస్తారు?

1908 సెప్టెంబరు వరదలో అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ పోతే నిలబడింది ఈ ముసలిదే. అయినా మా బావమరిది అమెరికా నుంచి దిగితే దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి లైట్లు చూడ్డానికి పరిగెడతాడు, పురానాపూల్ అంటే ముక్కు మూసుకుంటాడు. వాడితో నాకు వేరే లెక్కలున్నాయి, అవి ఇక్కడొద్దు.

ఇంటికొచ్చి కోస్తే వంకాయల్లో సగం పుచ్చులే. ఆ రీల్ కుర్రాడి ప్రేమకథ గోలలో సరిగా చూసుకోలేదు.