సవరణ: హుస్సేన్‌సాగర్‌లో కైట్ సర్ఫింగ్ అనుకూలత గురించి

జూన్ నుంచి ఆగస్టు వరకు వీచే పడమటి గాలులు సెయిలింగ్ పడవలకు సరిపోతున్నాయి కనుక హుస్సేన్‌సాగర్ కైట్ సర్ఫింగ్‌కూ (తాళ్లతో పట్టుకున్న పెద్ద గాలిపటం లాగుతుండగా పలకపై నిలబడి నీటిమీద జారే ఆట) అనువైనదేనని ఇంతకుముందు రాసిన వాక్యాన్ని ఈ మేరకు సవరించి చదువుకోవాలని మనవి. గాలి సగటు వేగం బాగా ఉన్నంత మాత్రాన చాలదు. నెక్లెస్ రోడ్డు చెట్లను, ఖైరతాబాద్ వైపు భవనాలను దాటి వచ్చే గాలి సుడులు తిరుగుతుంది కనుక నీరు ఒకచోట ముడతలు పడుతూ, నాలుగు బారల అవతల అద్దంలా కదలకుండా ఉంటుంది. అలాంటిచోట పడవ అయితే నెమ్మదిస్తుందంతే. సుమారు 20 మీటర్ల తాళ్ల చివరనున్న కైట్ మాత్రం నీళ్లలో కూలిపోతుంది. పైగా గాలివాలున ఉన్నది ఇసుక తీరం కాదు, ట్యాంక్‌బండ్ రాతికట్ట, దానిపైన ఆగని ట్రాఫిక్ (నిమజ్జనం రోజుల మాట చెప్పనే అక్కర్లేదు). గండిపేట విశాలమైనదే అయినా తాగునీటి జలాశయం కనుక దాన్ని ప్రత్యామ్నాయంగా సూచించడం లేదు.