కూర్చోవడానికి కాదు, చూడ్డానికి

మోటార్‌సైకిల్ సీటు కూర్చోవడానికే ఉందన్న మూఢనమ్మకం జనంలో ఇంకా పోలేదు. మొన్నమొన్నటి దాకా నేనూ ఆ అజ్ఞానంలోనే బతికాను. నా బండికి వెడల్పాటి సీటు ఉండేది. మూడు గంటలు నడిపినా నాకు నడుమంటూ ఒకటుందన్న సంగతే గుర్తొచ్చేది కాదు. ఒకరోజు సిగ్నల్ దగ్గర ఒక కుర్రాడు చూసి, "అంకుల్, సోఫా బాగుంది" అన్నాడు. మర్నాడే సీటు విప్పేశాను.

కొత్తది కెఫే రేసర్ తరహా. సన్నటి పలక, వెనక చిన్న మూపురం, మీద డైమండ్ కుట్లు. 1960ల్లో బ్రిటన్ కుర్రాళ్లు ఒక కాఫీ హోటల్ నుంచి ఇంకో దానికి బండ్ల మీద దూసుకెళ్లిన రోజుల ఫ్యాషన్ ఇది. వాళ్లు వెళ్లింది అంత దూరమేనన్న ముఖ్య విషయం నాకు 40వ కిలోమీటరు దగ్గర తట్టింది.

కొనేటప్పుడు అందరిలాగే నేనూ బొటనవేలితో నొక్కి చూశాను. మెత్తగా ఉంది. బొటనవేలు బండి నడపదు కదా అని అప్పుడు తోచలేదు. నిటారుగా కూర్చుంటే ఒంటి బరువు చాలావరకు కింద రెండు ఎముకల మీదే పడుతుంది. వెడల్పు సీటు ఆ బరువును తలా కాస్త పంచుతుంది. సన్న సీటు "మీ తిప్పలు మీరు పడండి" అని ఎముకలకే వదిలేస్తుంది. పైగా మెత్తటి ఫోమ్ మొదటి పది నిమిషాలే అమ్మ ఒడి, ఆ తర్వాత పూర్తిగా అణిగిపోయి మనల్ని కింది గట్టి పలకకు అప్పగిస్తుంది. దూరప్రయాణంలో నిలిచేది కాస్త గట్టి ఫోమే. కూర్చుని తింటే కొండలే కరుగుతాయంటారు, రెండంగుళాల ఫోమ్ ఎంత!

ఇక డైమండ్ కుట్లు. ప్రతి కుట్టూ సూది పొడిచిన బెజ్జమేనని మొదటి వాన చెప్పింది. వాన వెలిశాక పైన బట్టతో శుభ్రంగా తుడుచుకుని దర్జాగా కూర్చుంటే, లోపల ఫోమ్ తాగిందంతా నా ప్యాంటుకు అప్పజెప్పింది. ఎండాకాలం గురించి చెప్పను. నల్ల రెగ్జిన్ మీద కూర్చున్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

నాకంటే సౌందర్య పిపాసులున్నారు. పాతకాలం బండ్లకు వెనక సస్పెన్షన్ లేక సీటు కింద స్ప్రింగులు పెట్టేవాళ్లు. ఇప్పుడు నిక్షేపంలాంటి షాక్ అబ్జార్బర్లున్న బండికి అవే స్ప్రింగులు ముచ్చటపడి బిగిస్తున్నారు. అమెరికాలో ఐరన్ బట్, అంటే ఇనుప పిరుదు, అని ఒక బైకర్ల సంఘం ఉంది. 24 గంటల్లో 1,000 మైళ్లు, అంటే 1,609 కిలోమీటర్లు నడిపితే సర్టిఫికెట్ ఇస్తుంది. పేరులో ఇనుము పెట్టుకుని కూడా ఆ దారి పట్టేవాళ్లలో చాలామంది ముందు సీటు మార్పించుకుంటారట. కళాదృష్టి లేదు.

మా ఆవిడ వెనక మిగిలిన జానెడు చోటు చూసి, "ఏవండీ, ఇది నాకా, నా హ్యాండ్‌బ్యాగుకా?" అంది. కూర్చుంది కూడా. బ్రేకు వేసిన ప్రతిసారీ నా వీపు మీదికి జారుతూ వచ్చింది. ఇంటికెళ్లేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

అయినా సీటు మార్చను. ఎంత అందమైన సీటైనా ఎక్కితే కనిపించదు, దిగితేనే కనిపిస్తుంది. మెత్తటి సీటువాళ్లు గంటల తరబడి దిగరు, పాపం వాళ్లకు ఆ భాగ్యం లేదు. నా సీటు అరగంటకోసారి నన్ను దింపి తన అందం చూపిస్తుంది.

మొన్న అలాగే రోడ్డు పక్కన నడుం పట్టుకుని నిలబడి ఉంటే, వెడల్పు సీటు బండి మీద ఒకాయన ఆగాడు.

"బండి ట్రబులిచ్చిందా సార్?"

"లేదండీ, సీటు చూస్తున్నాను."

ఆయన కూడా ఒక నిమిషం చూసి, "చాలా బాగుంది సార్" అని తన సోఫా మీద హాయిగా వెళ్లిపోయాడు.