ఫాలో కొట్టింది పదిమందిని, తలకెక్కింది వందమంది

ఆప్షన్స్ ట్రేడింగ్ (షేర్ల ధర పెరుగుతుందా తగ్గుతుందా అని పందెం లాంటి బేరం) నేర్పేవాళ్లని ఇన్‌స్టాగ్రామ్‌లో ఓ నలుగురిని ఫాలో అవ్వండి చాలు. వారం తిరగకముందే లోకంలో అందరూ లక్షలు గడిస్తున్నారనీ, ఉద్యోగం చేసేవాడే వెర్రివాడనీ అనిపిస్తుంది. మరి 2021-22 నుంచి 2023-24 దాకా ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్ బేరాల్లో) దిగిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారని స్టాక్ మార్కెట్‌ని అదుపు చేసే సెబీయే చెప్పిందే, ఆ 93 మంది స్క్రీన్‌షాట్లు ఏవీ? పోగొట్టుకున్నవాడు రీల్ చేస్తాడా!

ఇలాంటివే ఎందుకొస్తున్నాయి, నేను లైక్ కొట్టలేదు కదా అంటారు. కొట్టక్కర్లేదు బాబూ! ఆగి చూస్తే చాలు. "ఎంత దరిద్రమో చూడరా" అని స్నేహితుడికి పంపినా, మనకేం చూపించాలో తేల్చే యంత్రానికి అర్థమయ్యేది ఒకటే: వీడికి ఇది నచ్చింది, ఇంకో పది వడ్డించు.

పోస్టులు తేదీల వరసలో చూపించే పద్ధతిని ఇన్‌స్టాగ్రామ్ 2016లో తీసేసింది. 2022లో 'ఫాలోయింగ్' అనే పేరుతో ఆ వరస మళ్లీ ఇచ్చింది. ఏం లాభం? యాప్ మూసి తెరిస్తే మొదటికే. మనం ఫాలో కానివాళ్లవి తెచ్చిపెట్టే సజెస్టెడ్ పోస్టులు ఆపుదామంటే 30 రోజులే గడువు. తర్వాత పండక్కి అల్లుడొచ్చినట్టు దిగిపోతాయి. యూట్యూబ్ కాస్త నయం, వాచ్ హిస్టరీ చెరిపి ఆపేస్తే హోమ్ పేజీ బోసిపోతుంది.

అన్నిటికన్నా ఒళ్లు మండేది మొహమాటం. ద్వేషం తప్ప ఇంకోటి పోస్టు చేయని బాబాయిగారిని అన్‌ఫాలో చేస్తే ఏమనుకుంటారోనట! అన్‌ఫాలో చేయకుండానే ఆయన పోస్టులు కనపడకుండా చేసే మ్యూట్ ఇన్‌స్టాగ్రామ్‌లో ఉంది కదండీ. పోస్టులకొకటి, స్టోరీలకొకటి. రెండూ నొక్కాలి. ఆయనకి కబురు కూడా వెళ్లదు.